మదార్ సాబు విడిచిపెట్టిన బర్రె బాకీ

మా చిన్నప్పుడు... నా లంగా బొందు నేనే కట్టుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజులు. ఒకనాడు పొద్దున్నే అవ్వ... అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం మేము... నాకు తలకు పోసి, నూనె రాసి, గట్టిగా జడ వేసింది. పండుగా కాదు, పబ్బమూ కాదు. నాకున్న ఇంకో లంగాను పాత గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చింది. ఎక్కడికే అవ్వా అని అడుగుతుంటే చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

నిజాం కాలం నాటి సిద్దిపేట. అంతకు ముందు ఏడాదే మా బాపు గత్తర తగిలి పోయాడు... కలరాను అప్పుడు గత్తర అనేవాళ్లం. అవ్వ కూలికి పోయి గింజలు తెస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

మా వాడ చివర మదార్ సాబు ఉండేవాడు. నాలుగైదు బర్రెలు పెట్టుకుని, ఇంటింటికీ పాలు పోసి బతికేవాడు. అవ్వ అవస్థ చూసి ఒక పాడిబర్రెను మా ఇంటికి తోలిచ్చాడు. పాలమ్ముకుంటూ దాని పైసలు మెల్లమెల్లగా ఇయ్యమన్నాడు.

దాని పేరు చంద్రి. మెత్తటి మనసు దానిది... నేను మీదెక్కి కూర్చున్నా కదిలేది కాదు. అది వచ్చాకే మా జొన్న గటకలోకి మళ్లీ మజ్జిగ వచ్చింది. అవ్వ మొహంలో కొంచెం కళ వచ్చింది.

వానలు మొదలైనప్పుడు చంద్రికి గొంతు వాచింది. మేత ముట్టలేదు. అవ్వ ఎవరేం చెబితే ఆ పసరు తెచ్చి పోసింది. అయినా నిలవలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని అవ్వ ఏడ్చిన ఏడుపు... బాపు పోయిననాడు కూడా అట్లా ఏడవలేదు.

బాకీ అట్లాగే ఉండిపోయింది. అవ్వ మదార్ సాబు ఇంటి ముందు నుంచి పోవడం మానేసి, చుట్టూ తిరిగి కూలికి పోయేది. ఆయన మాత్రం ఒక్కసారీ అడగడానికి రాలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పుకునేది కదా... అడగకపోయేసరికి అవ్వకు ఇంకా బరువైంది.

ఆ రోజుల్లో అప్పు తీరకపోతే పిల్లల్ని పనికి పెట్టేవాళ్లు. నా ఈడుదే ఎల్లవ్వ అని, అట్లాగే దొర గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, పనికి ఉండేది. ఎప్పుడన్నా ఇంటికొస్తే పనికి పగిలిన దాని చేతులు చూసి నాకు భయమేసేది.

ఆ పొద్దున మదార్ సాబు గడప ముందు నిలబడేదాకా నాకు అర్థం కాలేదు, అవ్వ నన్ను కూడా అట్లాగే తీసుకొచ్చిందని.

ఆయన బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. అవ్వ తల దించుకుని చెప్పింది. "సాబూ... బర్రె పాయె. నా తాన పైసల్లేవు. పోరిని తెచ్చిన. బీబమ్మకు చేతికింద ఉంటది. బాకీ తీరేదాక ఉంచుకోన్రి."

నేను అవ్వ కొంగు రెండు చేతులా పట్టుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

మదార్ సాబు చేతిలో గడ్డి చేతిలోనే ఉంది. లోపలి నుంచి ఆయన భార్య బీబమ్మ వచ్చింది. నా మూట తీసుకుంది... తీసుకుని అవ్వ చేతిలోనే పెట్టింది. నన్ను దగ్గరికి లాక్కుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడు ఆయన నోరు విప్పాడు. "రాజవ్వా, ఇయ్యలేనోళ్లకు గడువియ్యాలె, విడిచిపెడితే ఇంకా మంచిదని మా దీన్ల, మా మతంల చెప్పిన్రు. బిడ్డను పట్టుకొమ్మని యాడ చెప్పలే. నేను విడిచిపెట్టిన. తోలుకపో."

అవ్వ వినలేదు. ఊరికే సొమ్ము తిన్నదాన్నవుతానని, ఆ బాకీ ఉండగా తనకు నిద్ర పట్టదని అంది.

"ఆ బాకీ ఇప్పుడు నీ తాన లేదు చెల్లె. అల్లా తానకు పోయింది. ఇస్తే ఆయన ఇస్తడు. మా ఇద్దరి నడుమ నువ్వు రాకు."

అవ్వ అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. బీబమ్మ జొన్నరొట్టె, తొక్కు పచ్చడి పెట్టి మా ఇద్దరికీ తినిపించి గానీ పంపలేదు. ఇంటికి వచ్చేటప్పుడు అవ్వ నన్ను చంకనెత్తుకుంది... అంత పెద్దదాన్ని.

వాళ్లేమీ ఉన్నవాళ్లు కాదు. ఆ సొమ్ము వస్తే ఇల్లు కప్పించుకుందామనుకున్నారట. బీబమ్మ చాలా ఏళ్ల తర్వాత మాటల్లో నోరు జారింది. ఆ ఏడాది వానలకు ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ గిన్నెలు పెట్టుకున్నారు. అవ్వ మాత్రం ఏటా వాళ్ల గోడలు అలికి వచ్చేది. బీబమ్మ వద్దన్నా వినేది కాదు.

నా పెళ్లై, పిల్లలు పుట్టాక మదార్ సాబు పోయాడు. నేనూ అవ్వా వెళ్లి ఆడవాళ్లతో పాటు గల్లీలో నిలబడ్డాం. జనాజా, అదే పాడె, ఎత్తే ముందు ఆయన పెద్దకొడుకు అందరికీ వినబడేలా అడిగాడు... తన తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే చెప్పమని, తాను తీరుస్తానని, లేదంటే మాఫ్ చేయమని. వాళ్లలో అది ఆనవాయితీ.

అవ్వ ముందుకు పోయింది.

"ఆయన ఎవలికీ బాకీ లేడు బిడ్డా. నేనే ఆయనకు బాకీ."

కొడుకు అవ్వ మొహంలోకి చూశాడు. "ఏం బాకీ అవ్వా?" అన్నాడు.

అతనికి తెలియదు. ఇన్నేళ్లలో మదార్ సాబు కన్నకొడుకుకు కూడా చెప్పలేదు... అవ్వ అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి చంద్రి సంగతి, నా మూట సంగతి, అన్నీ చెప్పింది. అతను ఏడుస్తూ విన్నాడు.

ఇదంతా నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. ఇప్పుడు ఒక్క కిస్తీ తప్పితే చాలు, అప్పిచ్చినవాళ్లు చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తారట కదా... అదే చెప్పింది. అప్పు విడిచిపెట్టి, ఆ మాట ఇంట్లో కూడా ఎత్తని మనిషి ఒకడు మా వాడలో ఉండేవాడంటే ఇప్పటి పిల్లలు నమ్ముతారో లేదో...

మీ అమ్మమ్మలూ తాతలూ ఇట్లాంటి మనిషి గురించి ఎప్పుడన్నా చెప్పారా? చెప్పి ఉంటే ఆయన పేరుతో సహా కింద రాయండి... మనవరాలితో చదివించుకుని వింటాను.