సులభం నొక్కిన వేలు

గ్రూప్-2 రెండుసార్లు రాశాను. రెండుసార్లకూ పరీక్ష హాలుకు దారి మాత్రం బాగా వచ్చింది. మూడోసారీ తప్పితే పత్తికొండలో తాను గుమాస్తాగా ఉన్న టమోటా మండీలో కూర్చోవాల్సిందేనని మా నాయన తేల్చేశాడు. పరీక్షకు రెండు నెలల పైచిలుకు ఉందనగా ఫోన్లో ఫ్లాష్‌కార్డుల యాప్ వేసుకున్నాను.

యాప్ ప్రశ్న చూపిస్తుంది. జవాబు మనసులో అనుకుని, కార్డు తిప్పి చూసుకుని, నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి: మళ్ళీ, కష్టం, పర్లేదు, సులభం. 'మళ్ళీ' అంటే కార్డు పది నిమిషాల్లో తిరిగొస్తుంది. 'సులభం' అంటే నాలుగు రోజులకు, ఇంకోసారి అంటే పక్షానికి, ఆపైన రెండు నెలలకు. మనం మరిచిపోబోయే వేళకు సరిగ్గా వచ్చి అడగడం దాని పని. నిజం చెప్పడం మన పని. నా వాటా దగ్గరే చిక్కొచ్చింది.

నేను చదివేది మండీలో, ఖాళీ క్రేట్ల మీద. వేలం అయ్యాక హమాలీలు నా వెనక చేరి, క్యారమ్స్ చూసినట్టు ఫోన్లోకి చూసేవాళ్ళు. డిగ్రీ చదివినవాడు నలుగురి ముందు 'మళ్ళీ' నొక్కుతాడా? అన్నిటికీ 'సులభం' నొక్కాను. గుమాస్తన్న కొడుక్కి రానిది లేదని వాళ్ళు నమ్మారు. యాప్ కూడా నమ్మింది. నెల తిరిగేసరికి రోజుకు మూడు కార్డులే వచ్చేవి. సిలబస్ అయిపోయిందని మా అవ్వకు చెప్పాను.

అవ్వ చర్చిలో పిల్లలకు బైబిల్ వాక్యాలు కంఠతా పట్టిస్తుంది. తప్పిన వాక్యం మర్నాడే అడుగుతుంది, వచ్చినది వచ్చే ఆదివారం, బాగా వచ్చినది క్రిస్మస్‌కు. చార్జింగ్ అక్కర్లేని అదే యాప్. కాకపోతే వచ్చంటే నమ్మదు, అప్పజెప్పించుకుంటుంది.

"వచ్చిందో రాలేదో దానికి ఎవురు చెప్తార్రా?" అని అడిగింది.

"నేనే అవ్వా."

"అట్లయితే నువ్వు యాడ పాసయితావు."

పరీక్షలో ఓటు వయసును పద్దెనిమిదికి తగ్గించిన సవరణ ఏదని అడిగారు. ఆ కార్డు గుర్తుంది. 'సులభం' నొక్కిన వేలూ గుర్తుంది. నలభై రెండు అని పెట్టొచ్చాను. పదకొండు రోజుల తర్వాత ఆ కార్డు మాట తప్పకుండా వచ్చింది. అరవై ఒకటట.

ఫలితాల్లో నా నంబరు లేదు. మండీలో కూర్చున్నాను. అవ్వ నాయనతో మాట్లాడి ఇంకొక్కసారికి ఒప్పించింది, ఒక షరతు మీద: బటన్ ఆ హమాలీల ముందరే నొక్కాలి, నిజం నొక్కాలి.

మొన్న ఒక సవరణ కార్డుకు జవాబు రాలేదు. వెనక ముగ్గురున్నారు. 'మళ్ళీ' నొక్కాను.

"ఏమప్పా, రాలేదా?" అన్నాడు పెద్ద హమాలీ.

రాలేదన్నాను. మాకూ రాలేదులే అని బీడీ ముట్టించుకున్నాడు. పది నిమిషాలకు కార్డు తిరిగొచ్చింది. నేను ఇంకా ఆలోచిస్తుండగానే, వెనక నుంచి ఆయన జవాబు చెప్పేశాడు.