అరువు ఆటగాడు

ఈ మాట ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి మోశాను. మోయగా మోయగా తేలికవుతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. నేను చేసిన తప్పును మరొకరు నెత్తిన వేసుకుంటుంటే పక్కన నిలబడి చూశాను. చూడటమే కాదు, ఇంకొంచెం సర్ది పెట్టాను కూడా.

పోయిన నెల షేన్ ఫోన్ చేశారు. ఐర్లండ్ పెద్దాయన, జర్మన్ ఆవిడని పెళ్లి చేసుకుని ఇక్కడే జర్మనీలో, బవేరియాలో స్థిరపడ్డారు. వాళ్ల దేశంలో హర్లింగ్ అని ఒక ఆట ఉంది. చివర వెడల్పుగా ఉండే చెక్క కర్రతో గట్టి తోలు బంతిని గాల్లో ఉండగానే కొట్టాలి. లీగ్ మొదలవ్వక ముందే, చలి ఇంకా పూర్తిగా వదలని రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్ల జట్లన్నిటినీ ఒక్కరోజు ఒకచోట ఆడించే టోర్నమెంట్ ఆయన మొదలుపెట్టిందే. కరోనాలో ఆగింది, ఒకసారి జరిగింది, మళ్లీ ఆగిపోయింది. ఈ వసంతంలో తిరిగి పెడుతున్నారట. దాని చరిత్ర రాసిపెట్టమని అడిగారు. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతూ అడిగారు. ఆ ఆగడం నా వల్ల వచ్చింది. ఆ సంగతి ఆయనకి తెలియదు. సరేనన్నాను.

మొదటి పేజీలు సులువుగానే సాగాయి. మొదటి ఏడు రెండే జట్లట. ఫుట్‌బాల్ వాళ్లు దయతలచి ఇచ్చిన మైదానం మూల, మంచు తోసుకుని ఆడారట. ఆట అయ్యాక షేన్ భార్య పెద్ద గిన్నె నిండా పప్పు సూప్ తెచ్చేది. మన పప్పుచారుకి దూరపు చుట్టంలా ఉంటుంది, తాలింపు ఒక్కటే తక్కువ. ఏ ఊరి జట్టూ నిండుగా వచ్చేది కాదు. ఒకరికి డ్యూటీ, ఒకరికి పరీక్ష, ఇంకొకరికి రైలు రద్దు. అందుకని షేన్ ఒక పద్ధతి పెట్టారు. మనిషి తక్కువైన జట్టుకి, అప్పుడు ఆట లేని జట్టు ఒకరిని ఇవ్వాలి. కప్పు ఎవరు గెలిచారో మర్చిపోయేవాళ్లు గానీ, ఎవరు ఎవరికి ఆడిపెట్టారో ఏడాదంతా చెప్పుకునేవాళ్లు. నేనూ నరేశన్నా ఆ ఇచ్చిన మనిషిని అరువు ఆటగాడు అనేవాళ్లం.

నరేశన్నది కరీంనగర్ వైపు. ఇక్కడ డెగ్గెన్‌డార్ఫ్ కాలేజీలో నాకు సీనియర్. క్రికెట్ ఉందేమోనని మైదానానికి వెళ్లి ఈ ఆటకి చిక్కాడు, వెనకే నన్నూ లాక్కెళ్లాడు. మనవాళ్లందరూ మొదటిరోజు చేసే తప్పే నేనూ చేశాను. బ్యాట్ పట్టినట్టు కుడిచెయ్యి కింద పెట్టి పట్టుకున్నాను. ఇక్కడ బలమైన చెయ్యి పైన ఉండాలి. అన్న నవ్వి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి, చేతులు మార్చి పెట్టాడు. వారాల తరబడి అలాగే మార్చి పెడుతూ వచ్చాడు. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఆ కరోనా చలికాలం గురించి కూడా చెప్పాలి. సాకు కోసం కాదు. ఏమో, సాకు కోసమేనేమో. వోన్‌హైమ్‌లో, అంటే స్టూడెంట్ హాస్టల్లో, ఒక గది, గదిలో లాప్‌టాప్, లాప్‌టాప్‌లో కాలేజీ. వంటగదిలోకి ఒకరి తర్వాత ఒకరు వెళ్లాలి. రోజు మొత్తంలో నన్ను పలకరించేది సూపర్‌మార్కెట్ కౌంటర్లో అమ్మాయి ఒక్కతే, అదీ రసీదు కావాలా అని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. అన్న వేరే వోన్‌హైమ్‌లో ఉండేవాడు, కలవడానికి రూల్స్ ఒప్పుకునేవి కావు. టోర్నమెంట్ జరుగుతుందని తెలిసిన రోజు ఏడ్చాను. ఆట కోసం కాదు. మనుషులు కనిపిస్తారని.

టోర్నమెంట్ రోజు పొద్దున లేచేసరికి గొంతులో గరగర. ఎవరికి వారు ఇంట్లోనే టెస్ట్ చేసుకుని రండి, రుజువులు అడగను, మీ మాట చాలు అని షేన్ అందరికీ ముందే చెప్పారు. చేసుకున్నాను. రెండో గీత వచ్చింది. లేతగా వచ్చింది. లేతగా ఉంది కాబట్టి రానట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. లేత గీత కూడా గీతేనని తెలియని చదువా నాది? బాగా తెలుసు. టిష్యూలో చుట్టి చెత్తబుట్టలో వేసి, కర్ర భుజాన పెట్టుకుని రైలెక్కాను.

సిగ్గులేకుండా చెబుతున్నాను, జర్మనీలో నాకు దొరికిన మంచి రోజు అదే. మా ఆట అవ్వగానే ఎవరికి మనిషి కావాలన్నా నేనే చెయ్యెత్తాను. ఒక జట్టుకి ఆడి, హెల్మెట్ తీయకుండానే ఇంకో జట్టులోకి వెళ్లాను. ప్రతి జట్టుతోనూ భుజాలు కలిపి గుండ్రంగా నిలబడి అరిచాను. సూప్ దగ్గర షేన్ పక్కనే కూర్చున్నాను. నా లాంటివాడే టోర్నమెంట్‌కి ప్రాణమని ఆయన నా వీపు తట్టారు. నరేశన్న మాత్రం ఒక్క ఆటే ఆడాడు. చెట్ల పుప్పొడి పడక తుమ్ములు, ముక్కు ఆగకుండా కారడం. అది ఆయనకి ఏటా ఉండేదే. అయినా ఎవరికీ ఇబ్బంది వద్దని మాస్క్ పెట్టుకుని కంచె పక్కన ఒక్కడే కూర్చున్నాడు.

తర్వాతి వారం జట్లన్నీ మంచాన పడ్డాయి. నేనూ పడ్డాను, అందరితోపాటే అన్నట్టు. షేన్‌ని ఆసుపత్రిలో పెట్టారు, ఆక్సిజన్ ఎక్కించారు. ఎవరి నుంచి వచ్చిందన్న మాట లేచింది. అందరికీ తుమ్ములే గుర్తున్నాయి. క్లబ్ వాళ్లు పల్లెత్తు మాట అనలేదు. అన్నని ప్రాక్టీస్‌కి పిలవడం మానేశారు, అంతే. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో మాత్రం మొహమాటాల్లేవు. వాడు వంటగదిలో ఉంటే మేం రాము అని బాహాటంగానే రాశారు. నేను చదివాను. ఏమీ రాయలేదు.

అన్న కోలుకున్నాక డాన్యూబ్ నది ఒడ్డున కలిశాం. నీళ్లకేసి చూస్తూ అడిగాడు.

"తమ్మీ, నాకైతే ఆ రోజు టెస్ట్‌ల ఏం రాలే. కానీ ముక్కు కారుతుండె గదా. నా తోటే అయ్యిందంటవా?"

ఆ క్షణంలో ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. నేనన్నది ఇది:

"నువ్వా రోజు రాకుండా ఉండాల్సిందన్నా."

ఆయన తలూపాడు. "అవ్ తమ్మీ. రాకుండా ఉండాల్సుండె."

ఎందుకలా అన్నాను? భయమని చాలాకాలం సరిపెట్టుకున్నాను. భయం కాదు. నిజం చెబితే ఆ గ్రూపు నన్ను వదిలేస్తుంది, ఆదివారాల ప్రాక్టీస్ పోతుంది, మళ్లీ ఆ గది, ఆ కౌంటర్ అమ్మాయి. నా ఒంటరితనం పట్టుకెళ్లి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన ఎదురు చెప్పకుండా తీసుకున్నాడు. థీసిస్ అవ్వగానే ఉద్యోగం వచ్చి కెమ్నిట్జ్ వెళ్లిపోయాడు, మళ్లీ ఆడలేదు. వెళ్లేముందు తన కర్ర నాకే ఇచ్చాడు. అది నా గది తలుపు వెనకే ఉంది. దానితో నేను ఎప్పుడూ ఆడలేకపోయాను. క్లబ్బులో నాకు చాలామంది స్నేహితులయ్యారు. వాళ్ల మధ్య నవ్వుతూ కూర్చున్నప్పుడు కూడా, వీళ్లకి తెలిస్తే అన్న ఆలోచన వదలదు. దేని కోసం అబద్ధమాడానో అదీ దక్కలేదు.

ఇప్పుడు చరిత్ర రాస్తూ ఆ ఏడు దగ్గర ఆగిపోయాను. ఈసారి నుంచి అరువు పద్ధతి తీసేస్తున్నారట, జబ్బు అలాగే పాకిందని. అది రాయమన్నారు. రాయబోతుంటే ఒకటి తట్టింది. నరేశన్న ఆడింది ఒక్క ఆట, ఒక్క జట్టు మీద. జబ్బు పడింది అన్ని జట్లూ. అన్ని జట్లలోనూ ఆడినవాడు ఆ రోజు ఒక్కడే. కాస్త నెమ్మదిగా ఆలోచిస్తే ఎవరికైనా తెలిసిపోయేది. ఎవరూ ఆలోచించలేదు. దోషి అప్పటికే కంచె పక్కన కూర్చుని తుమ్ముతున్నాడు కదా.

మిగతా చరిత్రంతా అలాగే ఉంచి, ఆ ఏడు దగ్గర జరిగింది జరిగినట్టు రాశాను. లేత గీత, రైలు, నేను ఆడిన జట్లు, అన్నకి నేను చెప్పిన మాట. ముందు నరేశన్నకి పంపాను, తర్వాత షేన్‌కి. అన్న చదివాడు. జవాబు ఇవ్వలేదు. ఇవ్వకపోవచ్చు కూడా, అడిగే ముఖం నాకు లేదు. షేన్ రేపు ఏమంటారో తెలియదు. టోర్నమెంట్‌కి నన్ను రానిస్తారో లేదో తెలియదు. భయంగానే ఉంది. కానీ ఇవాళ మాత్రం గుండెల నిండా ఊపిరి అందుతోంది, షేన్‌కి అందని ఊపిరి అని తెలిసీ.

మీకు నా పేరు చెప్పలేదు. అక్కడ మాత్రం, ఆ ఏడు కింద, ఇంటిపేరుతో సహా రాశాను.