బెల్మీరు మింగేసిన వాక్యం

మా కార్వాల్యెదు ఊళ్లో చచ్చిపోయినవాళ్లు సైకిళ్లతో తిరుగుతారు.

అందరూ అనడం కొంచెం ఎక్కువే. తిరిగింది ఒక్కరే. అది కూడా తొక్కుకుంటూ కాదు, పక్కన నడిపించుకుంటూ. మా ఎత్తులు ఎరిగినవాళ్లకి అందులో వింతేమీ కనబడదు. ఆ ఎక్కుడు దారుల్లో బతికున్నవాళ్లే దిగి తోసుకుంటూ పోతారు. మిగిలిన కథలో మాత్రం వెంట్రుకంత మార్పు లేదు.

కథ లుదొవీనాది. ఊరి చివర ఇంట్లో ఒంటరిగా ఉండేది. చలికాలంలో సాసేజీలు కట్టడం, ద్రాక్ష కోతలకి కూలికి పోవడం, గుడిలో పీఠం మీది గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం ఆమె పనులు. అరవై దాటినా నల్లటి ఇనప సైకిల్ మీద కొండదారులన్నీ తిరిగేది. ఆ సైకిల్ ముందు మడ్‌గార్డు ఎడమకి వంగి ఉండేది. దాంతో ఆ బండి ఎప్పుడూ పక్కకి తిరిగి ఎవరినో చూస్తున్నట్టు ఉండేది. ఆమె బతుకు ఒంటరిదవడానికి కారణం ఆ వంకరే.

ఆమె జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడినవాడు బెల్మీరు. అప్పటికి పడుచువాడు. ఆ వారమే సంతలో సైకిల్ కొన్నాడు, ఊళ్లో అదే మొదటిది. దాన్ని గుడి బయట గోడకి ఆనించి, లోపల నీళ్లతొట్టి దగ్గర బిడ్డ తరఫున విశ్వాస సంగ్రహం ప్రార్థన చెప్పడం మొదలుపెట్టాడు. "మరణించి సమాధి చేయబడెను, పాతాళమునకు దిగెను" అనే దాకా వచ్చేసరికి బయట గాలికి సైకిల్ ధన్‌మని పడింది. బెల్మీరు గుండె కూడా దాంతోపాటే పడింది. "మూడవనాడు మృతులలోనుండి లేచెను" అన్న వాక్యాన్ని మింగేసి, మిగతాది గబగబా వల్లించి, ఆమెన్ అంటూనే బయటికి పరుగెత్తాడు. మడ్‌గార్డు వంగింది అప్పుడే.

జ్ఞానతండ్రి మాట తప్పితే ఆ బిడ్డకి చచ్చినవాళ్లు కనబడతారని మా వైపు పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. బెల్మీరు అయితే అందరినీ పాతాళంలో దింపి, పైకి తీయకుండా వదిలేశాడు.

నడక వచ్చీ రాగానే లుదొవీనా గుమ్మంలో కూర్చుని వీధిలో పోయేవాళ్లకి చెయ్యూపేది. వీధిలో ఎవరూ ఉండేవారు కాదు. కాస్త పెద్దయ్యాక తను చూసేదేమిటో చెప్పగలిగింది. పొడుగాటి వరుస, తెల్ల గుడ్డలు, చేతుల్లో కొవ్వొత్తులు. ఎంత గాలి వీచినా ఆ మంటలు కదలవు. వరుసలో అందరూ పోయినవాళ్లే, ఆఖరున నడిచే మనిషి తప్ప. ఆ మనిషి ఇంకా ఊళ్లోనే సూప్ తాగుతూ, పక్కింటివాళ్లతో పోట్లాడుతూ ఉంటాడు. ఆఖరున కనబడ్డవాళ్లకి ఆ చలికాలం దాటదు.

అందుకే ఆమె సైకిల్ బెల్లు వినబడితే కిటికీలు మూతపడేవి. సారాకొట్టు ముందు కూర్చున్న మగవాళ్లు మాత్రం వదిలేవారు కాదు.

"లుదొవీనా, మా అత్తగారు కనబడిందా?"

"లేదు."

"ఇంకోసారి సరిగ్గా చూడు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

పెళ్లికి అడిగినవాడు ఒక్కడే ఒక్కడు. "నేనెప్పుడైనా ఆ వరుసలో కనబడితే నాకు చెప్తావా?" అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచించడం చూసే అతను టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

తప్పిన మాటని, తప్పిన మనిషే, తప్పిన తొట్టి దగ్గర నిలబడి మళ్లీ చెప్తే ఆ చూపు పోతుందంటారు. కానీ బెల్మీరు ఏనాడూ ఒప్పుకోలేదు. "నేను పూర్తిగానే చెప్పానమ్మీ. ఆ ఫాదరే నీ నెత్తిన నూనె ఎక్కువ రాశాడు" అనేవాడు. మోకాళ్లు పట్టేసి సైకిల్ ఎక్కలేకపోయాక దాన్ని ఆమె గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయాడు.

ఒక ఏడు నవంబరులో, ఆత్మల నెలలో, లుదొవీనా పై ఊరినుంచి చెస్ట్‌నట్ కాయల మూటతో వస్తూ కొండ అంచున రాతి బల్ల దగ్గర ఆగింది. అక్కడ నిలబడితే దోరు నది లోయంతా కనబడుతుంది. ఆ మిట్టమధ్యాహ్నం మాత్రం కింద పొగమంచు తప్ప ఏమీ లేదు. ఎదురు కొండ మీద ద్రాక్షతోటల మెట్ల వెంబడి వరుస నడుస్తోంది. అది ఆమెకి అలవాటే. సిలువ గుర్తు వేసుకుని వరుస చివరికి చూసింది.

చివరి మనిషి సైకిల్ నడిపించుకుంటూ పోతున్నాడో, పోతున్నదో. ముసుగులో మొహం తెలియలేదు. ముందు చక్రం మీద మడ్‌గార్డు మాత్రం ఎడమకి వంగి ఉంది.

ఆమె చెయ్యి తన సైకిల్ హ్యాండిల్ మీద ఉంది. హ్యాండిల్ మంచుముక్కలా ఉంది.

నేరుగా బెల్మీరు ఇంటికి వెళ్లింది. ఆయన పొయ్యి పక్కన కంబళి కప్పుకుని కూర్చున్నాడు.

"దీవించు, జ్ఞాననాన్నా."

"దేవుడు దీవించుగాక. ఏంటే, మొహం మీద పిండి రాసుకొచ్చావు?"

"నన్ను నేను చూసుకున్నాను. నీ సైకిల్ నడిపించుకుంటూ పోతున్నా."

ఆయన నవ్వబోయి మానేశాడు. "మడ్‌గార్డు వంకరగా ఉందా?"

"ఎడమకి."

బెల్మీరు పొయ్యిలో కట్టెని లోపలికి తోశాడు. "ఆ ఒక్క ముక్క చెప్పలేదమ్మీ. సైకిల్ పడింది. ఏం చెయ్యను, కొత్తది!"

"నేను పోయేలోగా చెప్పు. ఏ గుడి అది?"

అక్కడొచ్చింది చిక్కు. ఆమె పుట్టిన ఏడు ఊరి గుడి కప్పు కూలింది. బిడ్డలకి జ్ఞానస్నానాలు కొండల మీది చిన్న గుళ్లలో ఎక్కడ వీలైతే అక్కడ ఇచ్చారు. లుదొవీనా తల్లి ఎప్పుడో పోయింది. బెల్మీరుకి గుర్తున్నదల్లా తొట్టి పక్కన మొహం లేని పునీతురాలి బొమ్మ, గుడి బయటినుంచి చూస్తే రెండు చోట్ల కనబడే నది.

"నది రెండు చోట్లేంటి, ఆ రోజు ఎంత తాగావు?"

"బిడ్డ మీద ఒట్టు, తాగింది తర్వాతే!"

అలా లుదొవీనా కొండ తర్వాత కొండ ఎక్కింది. మా గుళ్ల తాళాలు గుళ్లలో ఉండవు, పక్కింటి ముసలమ్మల దగ్గర ఉంటాయి. ఆమెని చూడగానే ఆ ముసలమ్మలు తాళంచెవి కిటికీలోంచి విసిరేసి, కిటికీ మూసుకునేవాళ్లు. ఒక గుళ్లో పునీతుడికి మొహం ఉంది, ఇంకోదాంట్లో గొర్రెలు ఉన్నాయి. అంచుల మీద నిలబడి చూస్తే నది ఒక్కచోటే కనబడింది, లేదా అసలు కనబడలేదు. పోయిన ప్రతిచోటా వరుస ఎదురు కొండ మీద కనబడుతూనే ఉంది. రోజురోజుకీ దగ్గరవుతోంది.

చివరికి నది వంపు మీదున్న గుడి దగ్గర ఫెలిజ్మీనా అనే ముసలమ్మ కిటికీ మూయలేదు. బయటికి వచ్చి, మూరెడు తాళంచెవి చేతిలో పెట్టింది.

"ఏమే, మళ్లీ వచ్చావా? పొద్దున్నేగా తీసుకెళ్లావు."

"నేను రాలేదు పెద్దమ్మా."

"వచ్చావులే. ముసుగు తీయకుండా, మాట్లాడకుండా చెయ్యి చాపావు. సైకిల్ మాత్రం లోపలికి తీసుకుపోకూడదు, పాపం."

లుదొవీనా సైకిల్‌ని గోడకి ఆనించి తలుపు తీసింది. లోపల అప్పుడే ఆర్పిన మైనం వాసన. రాతి నేల మీద తడి చక్రం గుర్తు ఒకటి గుమ్మంనుంచి తొట్టి దాకా గీత గీసినట్టు సాగింది. తిరిగి వచ్చిన గుర్తు లేదు. తొట్టి పక్కన పునీత అపొలోనియా బొమ్మ. పంటినొప్పి ఉన్నవాళ్లు తరతరాలుగా చేత్తో రాసి రాసి, ఆమె ముక్కూ మూతీ అరిగిపోయి నున్నటి రాయి మిగిలింది.

బయటికి వచ్చి చూసింది. పొగమంచు చిరిగిన చోట ఎడమపక్క నది, కుడిపక్క మళ్లీ అదే నది.

మర్నాడు బెల్మీరుని క్యారియర్ మీద కూర్చోబెట్టి, తన నడుముకి కట్టే గుడ్డతో సీటుకి బిగించి, తోసుకుంటూ ఎక్కించింది. దారంతా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. "నెమ్మదే! బంగాళదుంపల బస్తాననుకున్నావా?"

"బస్తా అయితే నోరు మూసుకునేది."

గుడి గోడ దగ్గర దింపాక ఆయన సైకిల్ సీటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"అమ్మీ, ఆ వరుసలో మొహం చూశావా?"

"లేదు. సైకిల్ చూశాను, చాలదా?"

"సైకిల్ ఎవరిదనుకున్నావే? నీకు తొక్కుకోమని ఇచ్చాను గానీ, రాసిచ్చానా?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోదాం పద" అంది. "నాకేం వద్దు. ఇన్నాళ్లూ చూశాను, ఇంకొన్నాళ్లు చూస్తాను."

"ఇంత ఎత్తు తోసుకొచ్చి ఇప్పుడా చెప్పేది?" అని ఆయన లోపలికి నడిచాడు.

తొట్టి అంచు పట్టుకుని మొదటినుంచీ మొదలుపెట్టాడు. పాతాళమునకు దిగెను అన్న చోట ఆగాడు. గుడి నిండా మనుషులున్నట్టు, అందరూ ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. లుదొవీనాకి బల్లల మధ్య తెల్లటి గుడ్డలు కనబడుతున్నాయి. తల్లి కూడా ఉంది. బయట ధన్‌మని సైకిల్ పడింది.

బెల్మీరు ఈసారి తల తిప్పలేదు.

"మూడవనాడు," అన్నాడు, ప్రతి మాటా రాయి పేర్చినట్టు, "మృతులలోనుండి లేచెను."

ఆమె కళ్ల ముందు గుడి ఖాళీ అయిపోయింది. దుమ్ము, వెలుతురు, బల్లలు, అంతే. బెల్మీరు మిగతాది పూర్తిచేసి, ఆమెన్ అని, బల్ల మీద కూర్చుని, తల గోడకి ఆనించాడు. బడాయి పోతున్నవాడిలా పెదవి కొంచెం వంగింది. ఆమె చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

లుదొవీనా బయటికి పరుగెత్తింది. గోడ దగ్గర సైకిల్ లేదు. ఎదురు కొండ వైపు చూసింది. అక్కడ ద్రాక్షతోటల మెట్లు తప్ప ఆమెకి ఇప్పుడు ఏమీ కనబడలేదు. కానీ దిగువన, పొగమంచులో ఎక్కడో చక్రం తిరుగుతున్న టికటిక వినబడింది. మలుపు దగ్గర బెల్లు ఒకసారి మోగింది. తర్వాత అదీ లేదు.

ఊళ్లో ఈ కథ ఎవరు ఎత్తినా లుదొవీనాకి ఒళ్లు మండుతుంది. మొన్న కూడా సాసేజీలు కడుతూ, దారం పళ్లతో తెంపి అంది.

"అంతా అబద్ధం. బెల్మీరు జ్ఞాననాన్న తన మంచం మీద పోయాడు. నేను చచ్చినవాళ్లని చూడ్డమేంటి, నాకు సూదిలో దారమే కనబడి చావదు. అసలు మా ఇంట్లో సైకిలే లేదు. నమ్మకపోతే వెళ్లి చూసుకోండి."