మామగారు పాడని పద్యం

మొన్న నందిగామలో మనవరాలి పెళ్లి విందుకి పాటకచేరీ పెట్టారు. పది కాగానే కానిస్టేబుల్ వచ్చి ఇక చాలించమంటే పిల్లలు ముఖాలు మాడ్చుకున్నారు గాని, నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. ఆ సౌండు పెట్టెల హోరుకి గుండె దడ, దానికి తోడు నడుంనొప్పి. తీరా ఇంటికొచ్చి నడుం వాలిస్తే నిద్ర పట్టలేదు. వేళ అయిపోయిందన్న ఆ మాట అరవయ్యేళ్ల కిందట జగ్గయ్యపేటలో ఒకసారి విన్నాను.

అప్పటికి నేను కాపురానికి వచ్చిన కొత్త. ఉత్సవాల్లో పద్యనాటకమంటే తెల్లవార్లూ ఆడవలసిందే. పేరున్న నటుల్ని బెజవాడ నుంచీ తెనాలి నుంచీ పిలిపించి, ఒకటో రెండో వేషాలు ఊళ్లోవాళ్లకి ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఏడు ఆఖరి రంగంలో వచ్చే ముసలిరాజు వేషం మా మామగారికి దక్కింది. ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా, అత్తగారు నాలుగంటే తిరిగి ఒకటి అనని మనిషి. ఎదిగిన పెద్దకొడుకు జ్వరంతో పోయినప్పుడు కూడా పైకి ఏడవలేదట. అలాంటి మనిషి తెల్లవారుజామునే పెరట్లో నిలబడి, కొడుకుని పోగొట్టుకున్న రాజు పద్యం ఎత్తుకుంటే, పొయ్యి దగ్గర నాకు కళ్లు నిండిపోయేవి. పదిమందిలో ఆ పద్యం పాడి తీరాలని ఆయన ఎంత ఆశపడ్డారో ఇంట్లో అందరికీ తెలుసు.

పక్క ఊరి తిరునాళ్లలో కొట్లాట అయిందని, ఆ ఏడు నాటకాలన్నీ అర్ధరాత్రికల్లా ఆపెయ్యాలని పోలీసులు ఉత్తరువిచ్చారు. మా పెద్దలు అలాగేనండీ అని తలూపి వచ్చారే గాని, నాటకాన్ని కాస్త కుదించాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. మొదలెట్టాక ఎవరాపుతార్లే అనుకున్నారు.

వియ్యంకుడి వేషం చూడాలని మా నాన్న నందిగామ నుంచి బంధువులందర్నీ వెంటేసుకుని వచ్చి ముందువరసలో కూర్చున్నారు. పద్యం బాగుంటే వన్స్ మోర్ అనడం అప్పట్లో మర్యాద. చచ్చి పడున్న వేషమైనా సరే లేచి దండం పెట్టి, రాగం ఇంకాస్త సాగదీసి మళ్లీ పాడేది. వియ్యాలవారి ఊళ్లో తాము తగ్గకూడదని మా వాళ్లు ప్రతి పద్యానికీ వన్స్ మోర్ అన్నారు. రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, తెర పక్క నుంచి మామగారు ఎవర్నో టైమెంతైందని అడగడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆడవాళ్ల చాపల మీద నుంచి లేచి వెళ్లి, ఇక చాలు నాన్నా అని చెప్పడం ఎలాగో తోచలేదు.

ఆఖరి రంగానికి తెర లేవబోతుండగా ఎస్సై మైకు ఆపించేశాడు. పెద్దలు ఎంత బతిమాలినా వినలేదు. ఆయన్ని ఏమనగలం, ముందే చెప్పాడు.

ఇంటికొచ్చాక నాన్న కాళ్లూ చేతులూ కడుక్కుంటూ, "నాటకం అదిరిపోయింది బావగారూ, మీ పద్యమే మిగిలిపోయింది, వచ్చే ఏడు వింటాం లెండి," అన్నారు, పాపం ఏమీ ఎరగకుండా. మామగారు కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటూ, "దానికేముందండీ, ముందు మీరు భోంచెయ్యండి," అన్నారు. మరుసటి ఏడు వేషం ఇస్తామంటే గొంతు బాగోలేదన్నారు. పెరట్లో కూడా ఆ పద్యం ఇక వినపడలేదు.

ఇప్పటి పిల్లలే నయం. పదింటికి ఆపాలని తెలుసు గనక, ఎవరికెంతసేపో ముందే పంచుకుంటారు. మొన్న మనవరాలు నన్ను కూడా చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి లాగి, పాడు మామ్మా అని ప్రాణం తీసింది. పాడటానికి నాకు గొంతు లేదు. గొంతున్న మనిషి అన్నేళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు, ఒక్కసారి పాడండి మామయ్యగారూ అని అడిగే నోరు నాకు లేకపోయింది.