డ్రాగన్‌ను తిప్పి చూపించిన ఆదివారం

నేను వనపర్తిలో డిగ్రీ వెలగబెడుతున్న కాలంలో ఎక్కడా ముందు వరుసలో లేను. తరగతిలో వెనక బెంచీ, హాస్టలు భోజనాల వరుసలో చివర, క్రికెట్‌లో బంతులు ఏరుకొచ్చే చోటు. ఒక్క ఆన్‌లైన్ ఆటలో మాత్రం అందరికంటే ముందుండే యోగం పట్టింది. ఐదుగురి జట్టులో నాది ట్యాంకు పాత్ర. అంటే రాక్షసజాతి చూపంతా తనమీదే నిలుపుకుని, దెబ్బలన్నీ ఒంటితో కాచుకునేవాడు. వెనక నలుగురూ నిశ్చింతగా కత్తులూ బాణాలూ విసురుకుంటారు. (త్యాగం అనుకునేరు, గురి కుదరనివాళ్ళకు మిగిలే పని అది.)

మా నాయకుడు గద్వాల అన్న. చీర అంచులో ఒక్క పోగు తప్పినా ఊరుకోని నేతగాళ్ళ ఇంట్లో పుట్టాడు, ఆటలోనూ అంతే. నేను గోడను ఆనుకున్న ఫలానా రాతిపలక మీదే నిలబడాలి, డ్రాగన్ ముఖం గోడవైపే ఉండాలి, అది నిప్పు ఊదితే గోడకే తగలాలి. మూడు ఆదివారాలు ఆ నిప్పుకు అందరం మాడిపోయాం. నాలుగో ఆదివారం మధ్యాహ్నం ఇంటర్నెట్ సెంటర్లో హెడ్‌ఫోన్ పెట్టుకోగానే అన్న గొంతు వినిపించింది. "తమ్మీ, ఇయ్యాల గూడ గట్లనే అయితే నీ జాగల వేరేటోన్ని పెడ్త. ఏమనుకోకు." ఏమనుకోకు అంటే సరిపోతుందా? ఉన్న ఒక్క ముందు వరుసా పోతుందేమోనని కుర్చీ ముందుకు లాక్కున్నాను.

మొదలుపెట్టాం. నిమిషం తిరక్కుండానే డ్రాగన్ మెల్లగా వెనక్కి తిరిగి, నలుగురికీ తీరిగ్గా ముఖం చూపించి, నిప్పు ఊదింది. దెబ్బలు మాన్పే పని నాగర్‌కర్నూలు చెల్లెది (మేం దవాఖాన చెల్లె అనేవాళ్ళం). "అన్నా, మందు ఏసి ఏసి నా చేతులు గుంజుతున్నయి, జర ఒక్కకాడ నిలవడరాదూ!" అని మొత్తుకుంది. గద్వాల అన్న అరిచాడు. "ఏందిరా గిట్ల తిప్పుతున్నవు? దాన్ని సంతల అమ్ముతున్నవా?"

అప్పుడు వెలిగింది నాకు. మాది పెబ్బేరు పక్క పల్లె. నాన్న సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు, చిన్నప్పటినుంచీ పగ్గం పట్టే పని నాది. ఎద్దును ఒకే దిక్కున నిలబెడితే, అటుపక్క ఏదో దాస్తున్నారని కొనేవాడికి అనుమానం. అందుకే పగ్గం పట్టినవాడు మెల్లగా తిరుగుతూ ముఖం, పక్కలు, నడక అందరికీ చూపించాలి. ఆ అలవాటు నా వేళ్ళలో ఉండిపోయింది. జంతువు నావైపు తిరిగితే చాలు, నాకు తెలియకుండానే పక్కకు జరిగిపోతున్నాను, డ్రాగన్ నాతోపాటే తిరుగుతోంది.

ఆటలో కదిలించే మీటలన్నీ ఎడమచేతి కింద ఉంటాయి. కాబట్టి ఇంకొక్కసారి అని అన్నను బతిమాలుకుని, రాతిపలక చేరగానే ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాను. కొట్టడానికి కుడిచేతిలో మౌస్ చాలు. అంతసేపూ నాకు కనిపించింది డ్రాగన్ దవడ ఒక్కటే, నా వెనక గోడ. ఉన్నట్టుండి "పడ్డది! పడ్డది!" అని కేకలు. రెక్కలు ఎలా విరిగాయో, తోక ఎలా కొట్టుకుందో అందరూ చెప్పుకుంటున్నారు. నేనైతే చూడలేదు.

"నిజం చెప్పన్నా, గోడకు ఈపు ఆనిచ్చి నిలవడితే నీకేం మజా?" అని అడిగింది దవాఖాన చెల్లె. మధ్యలో గద్వాల అన్న అందుకున్నాడు. "ఇగ గా జాగ నీదే తమ్మీ. ఎవ్వనికియ్య."

ట్యాంకు ఫలానా చోటే నిలబడాలన్న నియమంలో సరదా ఉందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, లేదనే చెబుతాను. ఫొటో తీసేవాడు కదలొద్దంటే బిగుసుకుని కూర్చోవడంలో ఎంత ఉందో ఇందులోనూ అంతే. కానీ ఆ సాయంత్రం తిమ్మిరెక్కిన చెయ్యి విదిలించుకుంటూ, ఎదురైన ప్రతివాడినీ ఆపి, "నా జాగ నాకే ఇచ్చిండ్రు" అని చెప్పిన కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఏ జాగో, ఎవరిచ్చారో వాళ్ళలో ఒక్కడికీ అర్థం కాలేదు. అయినా హాస్టలు గేటు దాకా చెప్పుకుంటూనే పోయాడు.