టేపు వేసిన చీటీ

మా పిన్నికి ఆఫీసుల్లో ‘చూపించండి మేడమ్’ అని పేరు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు సరిగా నడుస్తున్నాయో లేదో తనిఖీ చేయడం ఆవిడ ఉద్యోగం. ఎక్కడికెళ్లినా ఫైళ్లు ముట్టుకునేది కాదు. “అయిందన్నారుగా, చూపించండి” అని కుర్చీ లాక్కుని కూర్చునేది. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నీ బాబాయే. బాబాయి గుండె అంతంతమాత్రం. దర్జీ కొట్టు వెనక సందులో మా రెండు గదులు. ఆ సందులో ఏ ఇంటికీ నంబరు లేదు.

పోయిన వేసవిలో అంబులెన్సులు పంపే కొత్త సాఫ్ట్‌వేర్ తనిఖీ పిన్నికి వచ్చింది. అక్కడంతా అజైల్ పద్ధతి. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క పసుపు చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. రెండేసి వారాల విడతను స్ప్రింట్ అంటారు. పని అయితే చీటీ కుడివైపుకు జరుగుతుంది. పొద్దున్నే అందరూ నిలబడి “ఇబ్బందులేం లేవు” అని ఒప్పజెబుతారు. ఉందన్నవాణ్ణి టీమ్ లీడ్ ఎలా చూస్తాడో పిన్ని మొదటిరోజే కనిపెట్టింది.

గోడ మీద ఒక్క చీటీకే టేపు వేసి ఉంది. ప్రతి స్ప్రింట్‌కీ పీకి మళ్లీ ఎడమవైపే అంటించడంతో దాని జిగురు పోయింది. ‘ఇంటి నంబరు లేని చిరునామాలు’ అని రాసి ఉంది.

“ఇదేంటి బాబూ?”

“చిన్నదే మేడమ్. వచ్చే స్ప్రింట్‌లో చేసేస్తాం.”

“గోడ మీద ‘రేపు రా’ అని రాసుకున్నట్టుంది మీ వరస. ఏదీ, మా ఇంటికో అంబులెన్స్ పంపు, చూస్తా.”

నంబరు గడి ఖాళీగా ఉంటే తెర ముందుకు కదల్లేదు. డెమో చూపించినప్పుడల్లా లీడ్ తన ఫ్లాట్ చిరునామానే కొట్టేవాడట. నంబరు లేని ఇంట్లో బతికేవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు. ఇంక తొందరెవరికి?

ఇంటి గుర్తు చెప్పే గడి పెట్టేదాకా ఆ సాఫ్ట్‌వేర్ వాడకం మొదలుపెట్టొద్దని పిన్ని రిపోర్టు రాసింది. పైఅధికారి పిలిపించాడు.

“తల్లీ, మనల్ని భోజనాలెలా ఉన్నాయో చూడమన్నారు గానీ పెళ్లి ఆపమనలేదు.”

“పెళ్లికొడుక్కి ఊపిరాడకపోయినా కానిచ్చేద్దామా అండీ?”

ఆయన నవ్వాడు. మర్నాడు తనిఖీ ఇంకొకడికిచ్చాడు. వాడు గోడ చూసి సంతకం పెట్టాడు. టేపు చీటీ అప్పటికే గోడ మీద లేదు. ఆ వారమే సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చేసింది. పిన్ని అంబులెన్సుల ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఇప్పుడు మీకేం సంబంధం అన్నారు. కంచం ముందు కూర్చుని తినకుండానే లేచేది.

“నీకెందుకే ఊరిగోల?” అనేవాడు బాబాయి.

“ఊరిది కాదండీ, మీది.”

ఒక మధ్యాహ్నం బాబాయి ఒళ్లంతా చెమటలు పట్టి గోడవారకు జారిపోయాడు. నేను ఫోన్ చేశాను.

“ఇంటి నంబరు చెప్పండి సార్.”

“నంబరు లేదండీ. దర్జీ కొట్టు వెనక సందు.”

“నంబరు లేకపోతే తీసుకోవట్లేదు సార్.”

పిన్ని ఫోన్ లాక్కుంది. “ఏదో ఒకటి కొట్టమ్మా! ఒకటి కొట్టు!” నావైపు తిరిగింది. “వీధి మొదట్లో ఒకటో నంబరు ఇంటిముందు ఆగుతారు. ఈయన్ని మంచమ్మీదికి పట్టు, పట్టి పరిగెత్తు.”

నేను చేరేసరికి వాళ్లు ఆ ఇంటి తాళం చూసి, ఎవడో ఆటపట్టించాడనుకుని బండి వెనక్కి తిప్పుతున్నారు. బానెట్ మీద రెండు చేతులతో బాది ఆపాను. సందులోకి తీసుకొచ్చాను. బాబాయి తల ఒళ్లో పెట్టుకుని ఉంది పిన్ని. “ఇంక మెల్లగా రండి,” అంది.

బాబాయి పోయిన తర్వాతి వారం టీమ్ లీడ్ పలకరించడానికి వచ్చాడు. “మీ ఇల్లు అస్సలు దొరకలేదండీ. చివరికి దర్జీని అడిగి వచ్చాను.”

పిన్ని మంచినీళ్లిచ్చింది. “ఆ చీటీ ఏమైంది బాబూ?”

వాడు గ్లాసులోకి చూశాడు. “వచ్చే స్ప్రింట్‌లో ఉందండీ.”

వాడింకా గుటక కూడా వేయలేదు. పిన్ని చెయ్యి చాచి గ్లాసు వెనక్కి తీసేసుకుంది.