సీమోను సెలవు రోజు

శివనాగరాజుకి ఈత రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. రాజోలులో ఎవర్నడిగినా, ఆయన వశిష్ఠ గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేరంటారు. వాళ్లకి చెప్పిందెవరయ్యా అంటే ఆయనే. పదెకరాల కొబ్బరితోట, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నోరు తెరిస్తే అండీ, ఆయ్. ఆ మర్యాద తగలెయ్య.

సీమోను మా స్టేషన్లో ఫైర్‌మన్. నేను రిటైరయ్యేదాకా పదమూడేళ్లు నా కింద పనిచేసేడు. మాటకారి కాదు. ఒకసారి తాటాకిల్లు అంటుకుంటే లోపల్నించి ముసలమ్మని మోసుకొచ్చి, మళ్లీ వెళ్లి ఆవిడ మేకని తెచ్చేడు. ఎందుకురా అంటే "ఏడుస్తోందండి" అన్నాడు. ఏడ్చింది మేకో ముసలమ్మో నాకిప్పటికీ తెలీదు. వాడికున్న కోరిక ఒక్కటే, కూతురు మెర్సీ నర్సు అవ్వాలని.

పోయినేడు శ్రావణమాసంలో, సెలవు రోజున, బొమ్మిడాయిలు కొనుక్కుని కాలవగట్టు మీద వస్తున్నాడు. కాలవ నిండుగా ఉంది. ముందు వెళుతున్న శివనాగరాజు స్కూటరు జారి, మనిషితో సహా నీళ్లలో పడింది. "బాబోయ్, ములిగిపోతున్నాను, పట్టుకోండి" అని కేకేసేడు. సీమోను చేపల సంచీ పక్కవాడి చేతిలో పెట్టి దూకేడు. ఆయన్ని రేవు మెట్లదాకా తోసుకొచ్చేడు. ఆ మహానుభావుడు పైకెక్కే కంగారులో సీమోను భుజం మీద ఓ కాలు, తల మీద ఓ కాలు వేసి ఎక్కేడు. సీమోను సాయంత్రం తూము దగ్గర శవమై తేలేడు.

డ్యూటీలో పోతే ఇంట్లోవాళ్లకి పెద్ద పింఛను, సెలవులో పోతే చిన్నది. మెర్సీ చదువు పెద్దదానితోనే గట్టెక్కుతుంది. మా ఆఫీసరు గారు మంచి మనిషి. "ఆపదలో ఉన్నవాళ్లు పిలిస్తే వెళ్లేడని రాసిస్తే, సెలవైనా డ్యూటీ కిందే పంపిస్తాను. పిలిచిన మనిషి రాసినా సరే, చూసినవాళ్లు రాసినా సరే" అన్నారు.

సీమోను భార్య ఎలీసమ్మని నేనే శివనాగరాజు ఇంటికి తీసుకెళ్లేను. కుర్చీలు వేయించేడు, కాఫీ ఇప్పించేడు.

"ఎంత మంచివారండి మీ ఆయన. కానండి, నాకు ఈతొచ్చు కదండీ, ఊరందరికీ తెలుసు. స్కూటరు జారింది, ఈదుకుంటూ వచ్చేసేను. నేనెందుకు కేకేస్తానండి? ఆయన స్నానానికి దిగినట్టున్నారు పాపం. నేనే పట్టుకోబోయేను, చెయ్యి జారిపోయింది."

ఎలీసమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. "ఒక్క ముక్క రాయండయ్యా. ఎక్కడా చెప్పుకోమండి."

"అయ్యో, లెగండమ్మా. అబద్ధం ఎలా రాస్తామండి? చూసినవాళ్లెవరైనా ఉంటే రాయమనండి, ఆయ్." అని నా కేసి తిరిగి, "గట్టు మీద నిలబడి చూసినవాళ్లు" అన్నాడు.

నేను కాఫీ తాగేసి లేచేను.

ఎవరూ రాయలేదు. చిన్న పింఛనే వచ్చింది. జనవరి ఇరవయ్యారున ఊళ్లో కుర్రాళ్ల సంఘం వాళ్లు, ఫైర్‌మన్‌ని కాపాడబోయేరని శివనాగరాజుకి శాలువా కప్పేరు. ఎలీసమ్మని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టేరు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడా కొట్టింది. మెర్సీ రెండో సంవత్సరంలో నర్సింగు మానేసి, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతోంది. వేళ్లు ఐసుకి పగిలిపోయేయి.

ఏరు దాటి తెప్ప తగలేసే వెధవ అని వాణ్ణి ఊరంతా తిట్టుకుంటూ తిరిగేను. ఇప్పటికీ తిడుతున్నాను. గురివింద గింజకి తన కింద నలుపు తెలీదంటారు. నాకు తెలుసు.

ఆ చేపల సంచీ నా చేతిలోనే పెట్టేడు సీమోను. కేక విన్నది ఇద్దరం. ఇరవై తొమ్మిదేళ్లు ఫైరు సర్వీసులో చేసినవాణ్ణి, వాడికి పని నేర్పినవాణ్ణి, ఆ నీళ్లు చూసి భయపడిపోయేను. వాడు మునుగుతుంటే సంచీ పట్టుకుని నిలబడ్డాను. చూసేనని రాసిస్తే, మరి మీరేం చేస్తున్నారండి అని అడుగుతారు కదా. ఊరందరి ముందూ ఆ జవాబు చెప్పలేక రాయలేదు.

ఒకటో తారీఖున నా పింఛను పడుతుంది, పూర్తిగా. అందులోంచి కొంచెం తీసి ఎలీసమ్మకి ఇచ్చొస్తాను. ఆవిడ రెండు చేతులతో అందుకుంటుంది.

"ఆయన పోయేక మాకు మీరే దిక్కండి. రోజూ ప్రార్థనలో మీ పేరు చెబుతున్నామండి" అంటుంది.

ఆయ్, అంటాను.